ముందు ఎవరి లాగిన్ వాళ్ళకి, ఆ తర్వాతే ఫిల్టర్

ప్రశ్న: సార్, మాది కర్నూలు, బి.క్యాంప్. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నాయి. రెండింట్లోనూ మా తమ్ముడు విండోస్ బదులు లినక్స్ మింట్ వేసిచ్చాడు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. అందరం ఒకే లాగిన్ వాడతాం, పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. బాబు అర్ధరాత్రి దాకా గేములు వదలడు. మొన్న పాప స్కూల్ ప్రాజెక్టు కోసం బొమ్మలు వెతుకుతుంటే చూడకూడని ఫొటోలు వచ్చాయి. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా ఆయనకు బళ్ళారిలో ఉద్యోగం, ఆదివారమే వస్తారు. నేను ఒక్కదాన్నే చేసుకోగలిగేలా చెప్పండి.
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, అందరిదీ ఒకే లాగిన్ అన్నారే, ముందు దాని సంగతి చూడాలి. అనంతపురంలో కాలేజీ ల్యాబు చూసుకునేవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా, అడ్మిన్ (మిషన్‌లో ఏదైనా మార్చగల అకౌంట్) పాస్‌వర్డ్ తెలిసిన పిల్లాడి ముందు ఏ ఫిల్టరూ నిలవదు. ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు అవుతుంది.

రెండు మిషన్లలోనూ మెనూలో ‘యూజర్స్ అండ్ గ్రూప్స్’ తెరవండి. మీ పేరుతో కొత్త అకౌంట్ చేసి, అకౌంట్ టైప్ దగ్గర ‘అడ్మినిస్ట్రేటర్’ పెట్టండి. లాగౌట్ అయి, ఆ అకౌంట్‌తో లోపలికి రాగలుగుతున్నారో లేదో చూసుకోండి. వచ్చాకే డెస్క్‌టాప్‌లో పిల్లలిద్దరికీ చెరొక ‘స్టాండర్డ్’ (అంటే మామూలు) అకౌంట్, ల్యాప్‌టాప్‌లో పాపకు మాత్రమే (ఎందుకో కింద చెప్తా) చేసి, పాత ఉమ్మడి అకౌంట్‌ను కూడా స్టాండర్డ్‌కు దించి దాని పాస్‌వర్డ్ మార్చేయండి. ఈ వరస తప్పితే మిషన్‌లో అడ్మిన్ అనేవాళ్ళే మిగలరు, మళ్ళీ తమ్ముణ్ణి పిలవాల్సి వస్తుంది.

అంతా అయ్యాక ఒకసారి సరిచూసుకోండి. మెనూలో టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి ఇంగ్లీషులో ‘గ్రూప్స్’ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, బాబు యూజర్ నేమ్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక వరసలో కొన్ని పేర్లు వస్తాయి. వాటిలో ‘సుడో’ ఉందంటే వాడింకా అడ్మినే. లేకపోతే నిశ్చింతగా ముందుకు వెళ్ళండి.

ఇక టైమ్. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘టైమ్‌కీపర్ నెక్స్ట్’ దొరుకుతుంది. స్పెల్లింగ్‌లో ‘టైమ్’ తర్వాత కె, పి, ఆర్ అక్షరాలే ఉంటాయి, అలాగే కొట్టి వెతకండి. ఏ రోజు ఎంతసేపు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నది ఒక్కొక్కరికీ విడిగా పెట్టొచ్చు. గడువు అయిపోగానే ఇది మామూలుగా సెషన్ మూసేస్తుంది, సేవ్ చేయని హోమ్‌వర్క్ పోతుంది. అందుకని స్క్రీన్ లాక్ అయ్యే ఆప్షన్ ఎంచుకోండి. ఇంకో సంగతి, ఇది ఏ మిషన్ లెక్క ఆ మిషన్‌కే చూస్తుంది. డెస్క్‌టాప్ మీద గడువు అయిపోతే వాడు ల్యాప్‌టాప్ తీస్తాడు. ల్యాప్‌టాప్‌లో బాబుకు అకౌంటే పెట్టకండి. పరీక్షల ముందు నిజంగా అవసరమైతే ఆ ఒక్క రోజుకు మీరే టైమ్ కలపొచ్చు.

పాపకు వచ్చిన ఫొటోల సంగతి. ఏ సైట్ పేరు కొట్టినా, దాని అడ్రస్ నంబర్ చెప్పేది డీఎన్ఎస్ అనే సర్వర్. ఆ పనిని పిల్లల కోసం వడపోసే సర్వర్‌కు అప్పగిస్తే చెడ్డ సైట్లు తెరుచుకోవు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది 1.1.1.3, తోడుగా 1.0.0.3. మీకు మాత్రం క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ ఫిల్టర్ నయం: 185.228.168.168, రెండోది 185.228.169.168. అశ్లీల సైట్లను ఆపడంతో పాటు గూగుల్, బింగ్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లోకి నెడుతుంది, బొమ్మల వెతుకులాటలో పాపకు కావాల్సింది అదే.

ఈ నంబర్లు కంప్యూటర్‌లో కాకుండా రౌటర్‌లో, డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పేజీలో పెడితే ఇంటి వైఫై మీదున్న ఫోన్లకూ వర్తిస్తాయి. రెండో గడిలో ‘ఉండనీలే’ అని గూగుల్ వాళ్ళ వడపోత లేని 8.8.8.8 పెట్టకండి. మొదటిది పనిచేస్తున్నా కొన్ని ప్రశ్నలు దాని దగ్గరికి పోతుంటాయి, ఫిల్టర్ ఉన్నా లేనట్టే. ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్‌లు) డీఎన్ఎస్ గడి ఉంటే దానికీ అదే ఫిల్టర్ వాళ్ళ ఐపీవీ6 అడ్రస్ పెట్టాలి. అదే చేత్తో రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, చాలా ఇళ్ళలో రౌటర్ కింద స్టిక్కర్ మీదున్నదే ఉంటుంది.

తమ్ముడు వచ్చినప్పుడు రెండు పనులు చేయించండి. బ్రౌజర్ తన సొంత డీఎన్ఎస్ వాడుకుంటే రౌటర్‌ను దాటిపోతుంది కాబట్టి, ఫైర్‌ఫాక్స్ పాలసీ ఫైల్‌లో ‘డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ ఆపి లాక్ చేయించండి. పెన్‌డ్రైవ్‌తో వేరే లినక్స్ బూట్ చేయకుండా బయాస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగులకు) పాస్‌వర్డ్ పెట్టించండి.

ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేస్తే ఇవేవీ పనిచేయవు. అందుకే బాబుకు చెప్పకుండా ఏదీ పెట్టకండి. ఆదివారం వాళ్ళ నాన్న ఉండగా కూర్చోబెట్టి, ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పండి. ఎంత టైమ్ కావాలో వాణ్ణే అడిగి ఖాయం చేయండి. పదిహేనేళ్ళ పిల్లాడి మెసేజ్‌లు చాటుగా చదివే సాఫ్ట్‌వేర్ వేయమని కొందరు సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. రేపు నిజంగా ఎవరైనా ఆన్‌లైన్‌లో వేధిస్తే, వాడు భయం లేకుండా చెప్పుకోవాల్సింది మీ దగ్గరే కదా.

ప్రశ్న: మా రౌటర్‌లో డీఎన్ఎస్ మార్చే గడి లేదు. పాత కంప్యూటర్‌లో పై-హోల్ (ఇంటికంతటికీ డీఎన్ఎస్ వడపోసే సాఫ్ట్‌వేర్) పెడితే పనవుతుందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అవుతుంది. దానికి మారని ఐపీ అడ్రస్ ఇచ్చి, రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, ఆ పని పై-హోల్‌కే ఇవ్వండి. పై-హోల్ తాను అడిగే (అప్‌స్ట్రీమ్) సర్వర్‌గా పైన చెప్పిన ఫిల్టర్ నంబర్లే పెట్టండి. గ్రూపులు చేసుకుంటే పిల్లల పరికరాలకు ఒక జాబితా, పెద్దలకు ఒకటి పెట్టొచ్చు. కానీ ఫోన్లు వైఫైకి నకిలీ మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబర్) చూపిస్తాయి, మీ ఇంటి వైఫై వరకు దాన్ని ఆపాలి, లేకపోతే ఏది ఎవరి ఫోనో పై-హోల్ సరిగా పోల్చుకోలేదు. ఆ కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. కరెంటు పోయి అది ఆగితే రౌటర్ వెలుగుతున్నా ఇంట్లో ఎవరికీ ఒక్క సైటూ తెరుచుకోదు.