కట్టుడు పళ్ల కింద పుండు నెలైనా మానలేదు.. సెట్టును ఏ పేస్టుతో తోమాలి?

ప్రశ్న: నా వయసు 58. షుగర్ ఉంది. ఆర్నెల్ల కిందట కింది దవడకు క్లిప్పులతో తీసి పెట్టుకునే మూడు పళ్ల సెట్టు వేయించుకున్నాను. ఎడమ పక్క ఒరుసుకుని పుండు పడితే మా అబ్బాయి ఆకురాయితో అంచు అరగదీశాడు. నెలైంది. మందుల షాపులో ఇచ్చిన జెల్ రాస్తే నొప్పి తగ్గుతోంది గానీ పుండు మానలేదు. సెట్టు పచ్చబడింది. ఏ పేస్టుతో తోమాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పేస్టు సంగతి తర్వాత చెబుతానమ్మా, ముందు ఆ పుండు చూపించుకోండి. కట్టుడు పళ్ల ఒరిపిడితో వచ్చే పుండ్లు, ఆ ఒరిపిడి తీసేస్తే మామూలుగా రెండు వారాల్లోపు మానిపోతాయి. అంతకు మించి ఉన్న ఏ పుండునైనా డాక్టరు చూడాల్సిందే. చూడకుండా మీది ఫలానా అని నేను చెప్పలేను. ఒరిపిడి ఇంకా ఉండొచ్చు, షుగర్ వల్ల ఆలస్యం కావచ్చు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌ పరీక్షకు (బయాప్సీ) పంపుతారు. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలంటే అదే దారి, టెన్షన్ పడకండి. పొగాకు, వక్కపొడి అలవాటు ఉంటే మాత్రం దాచకుండా చెప్పండి.

నోరు మొద్దుబార్చే జెల్ రాసుకుంటూ నెల గడిపేయడం నాకు బాధగా ఉంది. నొప్పి తెలియకుండా పోతుంది, కింద పుండు అలాగే ఉంటుంది. ఇక ఆకురాయి! మీవాడు ప్రేమతోనే చేసి ఉంటాడు గానీ, ఎక్కడ ఒత్తుతోందో నోట్లో పెట్టి గుర్తు చూసుకుని ఆ చోటే అరగదీసి, మళ్లీ నున్నగా పాలిష్ చేయాలి. డెంటిస్టుకు అది కాసేపటి పని. ఇంట్లో గీస్తే అంచు గరుకై ఇంకో చోట కోస్తుంది, సెట్టు వదులవుతుంది. క్లిప్పులు కూడా మీరు వంచకండి.

డాక్టరు చూసేదాకా సెట్టు తీసి నీళ్లలో ఉంచండి. పుండు మానాక కూడా రాత్రిళ్లు పెట్టుకుని పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు దాని కింద ఫంగస్ తేలిగ్గా పడుతుంది. పైగా చిన్న సెట్టు నిద్రలో గొంతులోకి జారే ప్రమాదం ఉంది.

పేస్టు సెట్టుకు వద్దు. అది ప్లాస్టిక్‌ను గీస్తుంది, ఆ గీతల్లో కూరల పసుపు, టీ మరకలు పట్టేస్తాయి. మెత్తని బ్రష్, కాస్త సబ్బు, చన్నీళ్లు చాలు. వేడినీళ్లు పోస్తే వంకర పోతుంది. పేస్టు మీ సొంత పళ్లకు వాడండి. క్లిప్పు పట్టుకున్న పన్నే త్వరగా పుచ్చుతుంది.

సెట్టు చేసిన డాక్టరు దొరక్కపోతే గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) దంత విభాగానికి గానీ, విజయవాడ ప్రభుత్వ దంత వైద్యశాలకు గానీ ఈ వారంలోనే వెళ్లండి. సెట్టు, షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.