పెచ్చులూడుతున్న ఇంటిని బాగు చేయించడమా, అమ్మేయడమా?

ప్రశ్న: మా నాన్నగారు కట్టించిన ఇల్లు నాకూ మా చెల్లెలికీ వారసత్వంగా వచ్చింది. కట్టి యాభై ఏళ్లు దాటింది. రెండేళ్లుగా తాళం వేసి ఉంది. వెనక గదిలో శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. గోడల కింది భాగమంతా చెమ్మ. వంటగది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు కూడా వచ్చింది. సిమెంటు పూత వేసి రంగులు కొట్టిస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నారు. ఇంటికి విలువే లేదని, స్థలం ధరకు అమ్మేయమని మధ్యవర్తి అంటున్నారు. చెల్లెలికి డబ్బు అవసరం ఉంది. నాకు అమ్మడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఒకరికి పని దొరికితే లాభం, మరొకరికి అమ్మకం జరిగితే లాభం. వారు అబద్ధం చెబుతున్నారని నేను అనను గానీ, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా తనకు ఒరిగేదేమీ లేని స్ట్రక్చరల్ ఇంజినీరు ఒకరికి రుసుము చెల్లించి, ఇల్లంతా చూపించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకునేదాకా ఇద్దరి మాటనూ పక్కన పెట్టండి.

మీరు రాసిన మూడు లోపాలలో ముందుగా పట్టించుకోవలసింది శ్లాబు. కాంక్రీటుకు సహజంగా ఉండే క్షారగుణం లోపలి చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గించిన తరువాత, చెమ్మ కూడా తోడైతే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, అది తన చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టి పెచ్చులుగా రాల్చేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేయడమంటే జబ్బును కొన్నాళ్లు కప్పిపెట్టడమే. వదులైన కాంక్రీటును చువ్వ వెనక వైపు దాకా చెక్కి, తుప్పు గీకి, చువ్వ ఎంత సన్నబడిందో కొలిచి, బాగా అరిగిన చోట కొత్త చువ్వ జతచేసి, ఆ తరువాతే పూడ్చాలి. పైనుంచి దిగే నీటిని ఆపకపోతే ఈ శ్రమ కూడా వృథాయే. ఇంజినీరు వచ్చినప్పుడు చిన్న సుత్తితో గది గదికీ శ్లాబు అడుగున తట్టించి వినండి: గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల శబ్దం వెనక గదికే పరిమితమైతే మరమ్మతు మాట ఆలోచించవచ్చు. ఇల్లంతా అలాగే మోగితే మీరు మాట్లాడుతున్నది మరమ్మతు గురించి కాదు, కొత్త కప్పు గురించి.

నేలలోంచి పీల్చుకున్న చెమ్మ సాధారణంగా గోడలో మీటరు ఎత్తు దాటి పోదు. అంతకు పైన మరక ఉంటే పైపునో కప్పునో అనుమానించాలి. బయటి నేల ఏళ్ల తరబడి మట్టీ గచ్చూ పోసి పోసి లోపలి గచ్చుకంటే ఎత్తయిందేమో కూడా చూడండి. చాలా ఇళ్లలో అసలు కారణం అదే. గోడలు సున్నంతో కట్టినవైతే సిమెంటు పూత లోపలి తేమను బయటికి ఆరనివ్వదు.

పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేయండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా గాజు విరగకపోతే ఆ కదలిక ఎప్పుడో ఆగిపోయిందని అనుకోవచ్చు. విరిగితే పునాది ఇంకా కుంగుతోందేమో పరీక్షించాలి, ఆ ఖర్చు ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పడం కష్టం.

ఇక డబ్బు సంగతి. అమ్మడానికే అయితే బాగు చేయించకండి. కొనేవారు కూల్చి కట్టుకునే ఉద్దేశంతో వస్తే మీరు వేయించిన రంగులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వరు. ఉంచుకునేట్లయితే, ఇంజినీరు నివేదిక ప్రకారం వేయించిన మరమ్మతు అంచనాకు కనీసం ఐదో వంతు కలుపుకోండి, ఎందుకంటే పాత ఇంట్లో పూత రాల్చిన తరువాతే అసలు పని కనబడుతుంది. యాభై ఏళ్ల నాటి వైరింగును కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

మీ చెల్లెలి వాటాను మీరే కొనుక్కోవడం మూడో మార్గం. అందుకు ఇంటి విలువను ఇప్పుడున్న లోపాలతో సహా, మీ ఇద్దరికీ సంబంధం లేని మదింపుదారు చేత కట్టించాలి. పత్రాలు నాన్నగారి పేరు నుంచి మీ ఇద్దరి పేర్లకు మారకపోతే ముందు ఆ పని చూడండి. మరమ్మతుకు ఎవరు ఎంత పెట్టారో, అది తరువాత వాటాలో ఎలా కలుస్తుందో మొదటి బస్తా సిమెంటు కొనకముందే కాగితం మీద రాసుకోండి. అక్కచెల్లెళ్ల మధ్య కాగితమేమిటని మొహమాటపడితే, ఆ మొహమాటమే తరువాత తగువుగా మారుతుంది.

ఒక మాట అడగాలి. మీ ఉత్తరంలో అమ్మడానికి మనసు రావడం లేదని రాశారే గానీ, ఆ ఇంట్లో ఎవరు ఉంటారో ఎక్కడా రాయలేదు. మీరో మీ పిల్లలో అక్కడ ఉండబోతున్నా, అద్దెకిచ్చి దగ్గరుండి చూసుకోగలిగినా, చువ్వల జబ్బు ఒక్క గదిలోనే ఉండి, చెల్లెలి వాటా ఇవ్వడానికి తలకు మించిన అప్పు చేయనక్కరలేకపోతే ఉంచుకోండి. ఉండేవారే లేకపోతే మళ్లీ తాళమే పడుతుంది. తాళం వేసిన ఇంట్లో కారడం మొదలైన చోటును చూసేవారు ఉండరు. అప్పుడు ఇంజినీరు నివేదికను కొనేవారికి దాచకుండా చూపించి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మేయడమే మేలని నా అభిప్రాయం.

ఏది నిశ్చయించుకున్నా, వానలు మొదలయ్యేలోపు డాబా మీది నీటి గొట్టాల్లో పేరుకున్న ఆకులూ మట్టీ తీయించి, వెనక గది శ్లాబు కింద ఇంజినీరు చెప్పినట్టు ఆధారపు కర్రలు పెట్టించండి. అంతవరకు ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి.