శాంపిల్ స్ట్రిప్ తర్వాత వచ్చే చీటీ

ప్రశ్న: మా అమ్మగారికి మధుమేహం. విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారికి చూపిస్తే, ‘అమ్మకానికి కాదు’ అని ముద్రించిన స్ట్రిప్ ఒకటి ఉచితంగా ఇచ్చి, ఇకపై అదే కంపెనీ మందు కొనుక్కోమని చీటీ రాశారు. మేము టోకెన్ పట్టుకుని కూర్చున్నంతసేపూ బ్యాగులు తగిలించుకున్న మందుల కంపెనీల రెప్‌లు లోపలికి వెళ్లి వస్తూనే ఉన్నారు. ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: శాంపిల్ ఉచితంగా ఇవ్వడం తప్పు కాదు. దాన్ని మందుల షాపులో అమ్మడం, కనీసం నిల్వ ఉంచడం కూడా ఔషధ నిబంధనల ప్రకారం నిషిద్ధం. మీ అనుమానం మాత్రం స్ట్రిప్ మీద కాదు, చీటీ మీద అనుకుంటాను.

మధుమేహాన్ని నయం చేస్తామని జనానికి ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చీటీ మీద అమ్మే మందులకు రోగి దగ్గర ప్రచారం కుదరదు కనుక కంపెనీల ప్రయాసంతా డాక్టరుగారి బల్ల దగ్గరే. ఆ బల్ల దగ్గరి వ్యవహారానికి కేంద్ర ఔషధాల విభాగం 2024 మార్చిలో కొత్త నియమావళి ప్రకటించింది. దాని ప్రకారం ఒక్కో శాంపిల్ ప్యాకులో ముగ్గురు రోగులకు సరిపడేంత మందే ఉండాలి, ఒక డాక్టరుకు ఒక మందువి ఏడాదికి 12 ప్యాకులు మించకూడదు. డాక్టరుకు గానీ, ఆయన కుటుంబానికి గానీ కానుకలు ఇవ్వకూడదు. పుస్తకం, డైరీ లాంటివైతే ఒక్కోటి 1000 రూపాయలు దాటకూడదు. డాక్టరును కలవడానికి రెప్ డబ్బు ఇవ్వకూడదని కూడా అందులో రాశారంటే, ఆ అలవాటు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

చిక్కేమిటంటే, కంపెనీ మీద ఫిర్యాదు వస్తే మొదట విచారించేది ఆ కంపెనీ సభ్యత్వం ఉన్న పరిశ్రమ సంఘం వేసిన కమిటీయే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టని అనను గానీ, మందలింపు, సంఘం నుంచి బహిష్కరణ వంటి శిక్షలకు పెద్ద కంపెనీ ఎంత జంకుతుందో మీరే ఊహించవచ్చు. పైగా ఫిర్యాదుదారు 1000 రూపాయలు కట్టాలి, అది తిరిగి రాదు. నా దృష్టిలో అంతకంటే గట్టి దెబ్బ 2022లో సుప్రీంకోర్టు అపెక్స్ లేబొరేటరీస్ కేసులో ఇచ్చిన తీర్పు: డాక్టర్లకిచ్చే కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్ను లెక్కల్లో మినహాయించుకోవడం కుదరదని, ఆ ఖర్చు చివరికి మందు ధరలోనే కలుస్తుందని కోర్టు స్పష్టంగా చెప్పింది.

మీరు మటుకు ఈసారి వెళ్లినప్పుడు మందు జనరిక్ పేరు, అంటే కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాక మందు అసలు పేరు, స్పష్టంగా రాయమని అడగండి. వైద్యుల నియమావళి కోరేదీ అదే. ఆ పేరుతో జన ఔషధి దుకాణంలో ధర విచారించి, మార్చవచ్చో లేదో డాక్టరుగారినే అడగండి, సొంతంగా మార్చవద్దు. ఎవరైనా శాంపిల్ స్ట్రిప్‌కు బిల్లు వేస్తే, ఆ స్ట్రిప్, బిల్లు రెండూ దాచి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు చూపించండి.