లాటిన్ పేరు బట్టీకొట్టడానికి కాదు, చెట్టు దగ్గర కూర్చుని చూడ్డానికి

కోస్తాలో ఇసుకదిబ్బల మీద పూసే అడవిపూలకు ఆ లాటిన్ పేర్లు ఎలా వచ్చాయి, కడప, అనంతపురం వైపు ఉండేవాళ్లకు వాటితో పనేముంది అని అడిగారు. చాలా పనుంది.

సముద్రపు ఒడ్డున పాకే బాలబందితీగ పేరు ఐపోమియా పెస్-కాప్రే. పెస్ అంటే కాలు, కాప్రా అంటే మేక. ఆకు కొస రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది, అంతే. మన బీళ్లలో నీలంగా పూసే విష్ణుక్రాంతదీ అదే కుటుంబం. దేన్నీ చుట్టుకోకుండా నేలమీద పరుచుకుంటుంది కాబట్టి, చుట్ట విప్పుకున్నది అనే అర్థంలో ఎవాల్వులస్ అన్నారు. ఎక్కడ చూడాలో పేరే చెప్తుంది.

తంగేడు సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కేసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, మొక్క ఒకటే. ఆరిక్యులా అంటే చిన్న చెవి. పువ్వు వదిలేసి, ఆకుకాడ కొమ్మకు అతుక్కున్న చోట చూడండి, చెవి తమ్మెల్లాంటి రెండు రేకులు కనిపిస్తాయి. రోడ్ల పక్కన నాటే సీమతంగేడుకు అవి కనిపించవు. దాని పేరు సెన్నా సియామియా, సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) దేశపుదని. పచ్చగా పూసిందల్లా తంగేడని ఫోటో పెట్టేవాళ్లు ఈ ఒక్కటి చూసుకుంటే చాలు. అయితే పేరులో ఊరు కనిపిస్తే పుట్టిల్లు అదేనని ప్రతిసారీ నమ్మొద్దు. కామెలినా బెంగాలెన్సిస్ ఒక్క బెంగాల్‌దే కాదు, ఆఫ్రికాలోనూ సొంత మొక్కే.

అదే మన వెన్నదేవి కూర. వానలు పడ్డాక చెనిక్కాయ చేలో ఎక్కడ చూసినా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి వంగి చూడండి: దొప్పలాంటి మడతలోంచి రెండు నీలిరేకులు విచ్చుకుని ఉంటాయి, కింద మూడోది చిన్నగా వెలవెలబోతూ ఉంటుంది. హాలండ్‌లో కామెలిన్ ఇంటిపేరుతో ముగ్గురుండేవాళ్లు. యాన్, ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయిన కాస్పర్ వృక్షశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. మూడో ఆయన ఏమీ సాధించకముందే పోయాడు. రెండు రేకులు ఆ ఇద్దరికీ, మూడోది ఆయనకీ అని, మొక్కలకు లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1737లో రాశాడు. మధ్యాహ్నానికి పువ్వు కరిగిపోతుంది, కోసి ఇంటికి తెచ్చి చూద్దామంటే మిగలదు.

రైతులు దీన్ని ఎంత పీకినా పోదని మొత్తుకుంటారు. కారణముంది. నేలలోపల కూడా విచ్చుకోని పూలు పూసి అక్కడే గింజ కడుతుంది, తెగిన కాండం కణుపు తడి తగిలితే వేరేస్తుంది. వేరుతో సహా తీసి చేను బయట ఎండబెట్టాలి, గెనిమ మీద పారేస్తే మళ్లీ పాకుతుంది. అంతమాత్రాన గెనిమ మొత్తానికీ కలుపుమందు కొట్టడం అన్యాయం. విష్ణుక్రాంత, తుమ్మి, వెంపలి మిగిలిందే అక్కడ.

పేరు అడగాలంటే పువ్వు ఒక్కటే పైనుంచి ఫోటో తీసి పంపొద్దు. పువ్వు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, ఆకు అడుగు భాగం, ఆకుకాడ మొదలు, కాయ, నేలతో కలిపి మొత్తం మొక్క కనిపించేలా ఫోటోలు తీయండి. పది రెట్లు చూపే చిన్న భూతద్దం జేబులో ఉంటే మంచిది. కాయ లేకపోతే రెండు మూడు వారాలాగి అదే మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లండి.