ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి మాత్ర మానకు

నాన్నా, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 106 ఉంది కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేస్తానన్నావు. మానకు. నేను ల్యాబులో పనిచేసినన్నాళ్లూ షుగర్ ఉన్నవాళ్ల రిపోర్టులు చాలావరకు నీదానిలాగే ఉండేవి: ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 280, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.9.

ఇవి విడివిడి జబ్బులు కావురా. ఇన్సులిన్ సరిగా పనిచేస్తే కొవ్వు కణాల్లోని కొవ్వు అక్కడే ఉంటుంది. చేయకపోతే కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని వీఎల్‌డీఎల్ అనే, ట్రైగ్లిజరైడ్లను మోసే కణాలుగా మార్చి రక్తంలోకి వదులుతూ ఉంటుంది. వాటిని ఖాళీ చేయాల్సిన ఎంజైము కూడా అప్పుడే మందగిస్తుంది. మిగిలిపోయిన ట్రైగ్లిజరైడ్లు హెచ్‌డీఎల్‌లోకి ఎక్కితే అది త్వరగా నశిస్తుంది. ఎల్‌డీఎల్‌లోకి ఎక్కితే ఆ కణాలు చివరికి చిన్నవిగా, చిక్కగా తయారవుతాయి. అంటే అదే 106 కొలెస్ట్రాల్‌ను నీ రక్తంలో ఎక్కువ కణాలు మోస్తున్నాయి. రక్తనాళాల గోడల్లోకి దూరేవి ఆ కణాలే. నా భయమంతా అక్కడే.

పైగా ఆ 106 నేరుగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. మొత్తం కొలెస్ట్రాల్ 196లోంచి హెచ్‌డీఎల్ 34 తీసెయ్, 162 వస్తుంది. మంచిది పోగా మిగిలిన కొలెస్ట్రాల్ అంతా అదే. నలభై దాటి షుగర్ ఉన్నవాళ్లలో, ముప్పు ఎక్కువుంటే, ఇది 100 లోపు, ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు.

షుగర్ అదుపులోకి వస్తే ట్రైగ్లిజరైడ్లు బాగా దిగుతాయి. ఎల్‌డీఎల్ మాత్రం అంతగా దిగదు, అందుకే మాత్ర. గుండెజబ్బు లేని, ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేని షుగర్ రోగులకు అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. ఇచ్చి చూసిన కార్డ్స్ పరిశోధన 2004లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. స్టాటిన్‌తో షుగర్ కాస్త పెరుగుతుందన్నది నిజమే, కానీ కొద్దిగానే. దానికి భయపడి గుండెను వదిలేయకు. మార్చాలనుకుంటే డాక్టరుతో మాట్లాడి మార్చు.

నూనె తగ్గించానన్నావు, మంచిదే. కానీ ట్రైగ్లిజరైడ్లను పెంచేవి రాత్రిపూట రెండోసారి పెట్టించుకునే అన్నం, స్వీట్లు, మందు పార్టీలు. అన్నం తగ్గించి పప్పు, కూర ఎక్కువ తిను. భోంచేశాక నడువు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ ఒకేరోజు చేయించు. ముందురోజు పార్టీకి వెళ్లకు, పది పన్నెండు గంటలు ఏమీ తినకు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ కూడా రాయించుకో, థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. రిపోర్టు రాగానే నాకు పంపు.

మీ పెద్దమ్మ