పాత యుద్ధాల మీద పరిశోధనకు తవ్వేవాళ్ళు, పాటలు సేకరించేవాళ్ళు కలిసి పనిచేయాలా?

కలవకపోతే సగం కథే దొరుకుతుంది. నాకు తెలిసిన పల్నాడు సంగతి చెప్తా.

మా అమ్మమ్మగారి ఊరు పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడికి దగ్గరే. ఆ యుద్ధంలో పోయిన వీరుల పేర ఏటా జరిగే తిరునాళ్ళకు మామయ్య తీసుకెళ్ళాడు. వీరుల గుడిలో ఓ కుర్రాడు టేపు పట్టుకుని వీరుల పేర నిలిపిన రాళ్ళు కొలుస్తున్నాడు. బయట ఓ అమ్మాయి ఆ వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట ఫోన్లో రికార్డు చేసుకుంటోంది. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ. మూడో రోజు మందపోరు నాడు, కులం చూడకుండా అందరూ కలిసి తినే చాపకూడు పంక్తిలో పక్కపక్కన కూర్చుంటే గానీ ఆ ముక్క వాళ్ళకే తెలీలేదు! మామయ్య ఊరుకోడుగా, "ఏం బాబూ, పొద్దున్నుంచీ కొలుస్తున్నావు, ఆ రాయి ఏ వీరుడిదో ఒక్కళ్ళనైనా అడిగావా?" అన్నాడు. పాపం, కుర్రాడు ముద్ద మింగలేకపోయాడు. తిన్నాక పాట పాడే పెద్దాయన వాళ్ళిద్దర్నీ గుళ్ళోకి తీసుకెళ్ళి ఒక్కో రాయి ముందూ ఆగి పేరు చెప్తుంటే, అమ్మాయి రాసుకుంది, కుర్రాడు ఆ పేరు ఎదుట కొలత వేసుకున్నాడు. నా దృష్టిలో పరిశోధనంటే అదీ.

జర్మనీలో టోలెన్సె నది ఒడ్డున 1996లో చెకుముకి బాణపు మొన దిగిన చేతి ఎముక దొరికింది. తర్వాత తవ్వితే వందమందికి పైగా తేలారు, సుమారు 3,250 ఏళ్ళనాటి వాళ్ళు. కొందరి ఎముకల మీద అంతకుముందెప్పుడో తగిలి మానిన దెబ్బలు కూడా ఉన్నాయట. కానీ వాళ్ళ పేర్లు చెప్పే పాట ఒక్కటీ మిగల్లేదు. మనకేమో పన్నెండో శతాబ్దపు యుద్ధానికి పాట ఉంది, అక్కడి నాగులేరు వాగులో స్నానం చేయించే ఆయుధాలున్నాయి, తిరునాళ్ళ ఆఖరి రోజు కల్లిపాడున ఆ వీరుల్లా నేలకొరిగే మనుషులున్నారు. ఆ పాటను 1970ల్లో రికార్డు చేసి లోకానికి చూపించింది మాత్రం అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్.

ఇంకోటి. టీవీవాళ్ళు ఏటా "కోడిపందెం వల్ల జరిగిన యుద్ధం" అంటూ ఊదరగొడతారు. గురజాల ఏలిన నలగామరాజుకీ, మాచర్ల ఏలిన అతని సవతి తమ్ముడు మలిదేవుడికీ రాజ్యం పంపకం దగ్గరే చెడింది, కోడి ఒక సాకు. గురజాల, మాచర్లల్లో ఏ ముసలాయన్ని అడిగినా ఇదే చెప్తాడు.

చూడాలనుకుంటే కార్తీక అమావాస్యకి వెళ్ళండి, ఐదు రోజులు జరుగుతుంది. అందరూ నాలుగో రోజు కోడిపోరు చూసేసి బస్సెక్కేస్తారు. మీరు కల్లిపాడు దాకా ఉండండి. గది ముందే చూసుకోండి, అప్పటికప్పుడు దొరకడం కష్టం.