మూడు వారాలు, చిన్న పడవ: ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మాది 25 అడుగుల తెరచాప పడవ, ట్రెయిలర్ మీద ఎక్కడికైనా లాక్కెళ్లొచ్చు. నేను, మా ఆవిడ, పదేళ్ల పాప. జులైలో మూడు వారాల సెలవు దొరికింది. గ్రీస్‌లో సైక్లడీస్ దీవులు చుట్టేయాలని నాకుంది. మా ఆవిడేమో పాపతో అంత గాలిలోకి వద్దు, గ్రీస్‌కు పడమటన ఉన్న అయోనియన్ సముద్రం వైపు పోదాం అంటోంది. స్వీడన్ బాగుంటుందని ఇంకొకాయన చెప్పాడు. ఇప్పటిదాకా సరస్సుల్లోనే తిరిగాం. ఏది మేలు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. ఎందుకో చెబుతాను.

ముందు మీ పడవ ఎంత దూరం పోగలదో చూడండి. ఆ సైజు పడవ గంటకు సగటున 4 నుంచి 5 నాటికల్ మైళ్లు (ఒకటి సుమారు 1.85 కి.మీ.) పోతుంది, పాప ఉంది కాబట్టి రోజుకు ఐదు గంటలకు మించి వద్దు, అంటే 20, 25 మైళ్లు. 21 రోజుల్లో తెరచాప స్తంభం ఎత్తడానికి, దించడానికి రెండు రోజులు, గాలి బాగోలేకో ఒళ్లు బద్ధకించో ఆగిపోయేవి ఓ ఆరు రోజులు తీసేయండి. మిగిలిన దాంట్లో సగం తిరిగి రావడానికే. చాలామంది ఈ సగాన్ని మర్చిపోతారు.

జులై, ఆగస్టుల్లో సైక్లడీస్‌లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి కొడుతుంది. గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 5, 6 అక్కడ మామూలే, 7 కూడా వస్తుంది, ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. పైగా ఆకాశంలో మబ్బు తునక ఉండదు, అదే మోసం, మబ్బు చూసి జాగ్రత్తపడటం అలవాటైన వాళ్లు దొరికిపోతారు. దక్షిణానికి దిగేటప్పుడు ఈ గాలి మీకు కొత్తల్లుడి మర్యాద చేస్తుంది, తిరిగి ఉత్తరానికి రావాలంటే అప్పుడు చూపిస్తుంది తడాఖా. ఎదురుగాలికి వంకరటింకరగా పోవాలి కాబట్టి 20 మైళ్ల దూరం కనీసం 28 అవుతుంది, దానికి తోడు అలలు పడవను నిలబెట్టేస్తాయి. నేనొకసారి ఇలాగే రేవులో నాలుగు రోజులు ఇరుక్కుని, సెలవు అయిపోతోందన్న టెన్షన్‌తో ఐదో రోజు బయల్దేరాను. తప్పు చేశాను. చిన్న పడవలో తేదీ పెట్టుకుని ఎదురుగాలికి పోకూడదు.

అయోనియన్‌లో కథ వేరు. పొద్దున సముద్రం దాదాపు నిద్రపోతూ ఉంటుంది, మధ్యాహ్నం వాయవ్యం నుంచి మాయిస్త్రో అనే గాలి మొదలై సాయంత్రానికి తగ్గిపోతుంది, బలం మామూలుగా బ్యూఫోర్ట్ 3 నుంచి 5 లోపే. కాబట్టి దక్షిణానికి మధ్యాహ్నం తెరచాప మీద, ఉత్తరానికి తెల్లవారుజామున ఇంజన్ మీద పోతే సరి. ప్రెవెజా రేవులో పడవ దించి, లెఫ్కడా కాలువ గుండా మెగానిసి, ఇథాకా, కెఫలోనియా దీవులు తిరగండి, మజిలీలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఆటుపోట్లు లెక్కలోకి రానంత తక్కువ. కెఫలోనియాలో ఫిస్కార్డో రేవు జులైలో కిక్కిరిసిపోతుంది, మధ్యాహ్నంలోపే చేరకపోతే చోటు కష్టం. అక్కడ పడవ ముందు భాగం నుంచి లంగరు వేసి వెనక భాగాన్ని గట్టుకు కట్టడం పద్ధతి, సరస్సులో నేర్చుకునే అవకాశం మీకు వచ్చి ఉండదు, బయల్దేరే ముందే ఇద్దరూ నాలుగైదుసార్లు చేసి చూడండి. లంగరు గొలుసు లోతుకు నాలుగైదు రెట్లైనా వదలాలి.

స్వీడన్ సంగతి, ఆయన చెప్పింది అబద్ధం కాదు. స్టాక్‌హోమ్ ఎదురుగా దాదాపు 30,000 దీవులు, రాతిగుట్టలు, అలలను అడ్డుకునే సందులు, పోటు లేని నీళ్లు, జులైలో రాత్రి చాలాసేపటి వరకు వెలుతురు. ఇళ్లకు దూరంగా ఎక్కడైనా ఒకట్రెండు రాత్రులు పడవ కట్టుకోవడానికి అక్కడి ఆచారం ఒప్పుకుంటుంది. కాకపోతే నీళ్లు చల్లన, నీటి అడుగున రాళ్లెక్కువ, చార్టు (సముద్ర పటం) చూసే మనిషి క్షణం కూడా ఏమరకూడదు. పాపకు ఈత సరదా అయితే ఈసారికి గ్రీసే.

కాగితాల విషయం: పడవ రిజిస్ట్రేషన్, బీమా, నడిపేవారి సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి. 7 మీటర్లు దాటిన పడవకు గ్రీస్‌లో టెపాయ్ అనే పన్ను ఉంది, మీది 7.6 మీటర్లు కాబట్టి తప్పదు, పడవ నీళ్లలోకి దించకముందే కట్టేయండి.